561 చెప్పే అబద్ధం

"టెస్టులన్నీ పాసయ్యాయి, ఇంకేంటి సార్ మీ బాధ?" అని మొన్నామధ్య మా టీములో ఓ కుర్రాడు విసుక్కున్నాడు. ఒకప్పుడు నేనూ ఇదే మాటన్నా. అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోయాక నోరు మూసుకున్నా. అందుకే అతనికి 561 కథ చెప్పా.

ప్రధాన సంఖ్యని తీసుకుని, దాని గుణిజం కాని ఏ సంఖ్యనైనా దానికన్నా ఒకటి తక్కువ ఘాతానికి హెచ్చించి, దానితోనే భాగిస్తే శేషం 1 వస్తుంది. ఇది ఫెర్మా సిద్ధాంతం. మనబోటివాళ్ళం దీన్ని తిరగేసి, "శేషం 1 వచ్చిందా, అయితే ప్రధాన సంఖ్యే" అనేస్తాం.

561ని అడగండి. 2తో పాస్, 5తో పాస్, 7తో పాస్. 1 నుంచి 560 దాకా ఏకంగా 320 సంఖ్యలతో పాస్! తీరా చూస్తే అది 3×11×17. కిటుకేవిటంటే 2, 10, 16 మూడూ 560ని నిశ్శేషంగా భాగిస్తాయి. ఇలాంటివి కార్‌మైకేల్ సంఖ్యలు. 561 వాటిలో అతి చిన్నది. ఇవి అనంతమని ఆల్ఫర్డ్, గ్రాన్‌విల్, పోమెరన్స్‌ల రుజువు 1994లో అచ్చయింది.

"3తో భాగిస్తే తెలిసిపోదా?" అంటారా? పెద్ద సంఖ్యల కారకాలు అలా చేతికందవు మాస్టారూ.

మిల్లర్-రాబిన్ పద్ధతి ఏం చేస్తుందంటే, అదే 2ని పట్టుకుని 140వ ఘాతం దగ్గర ఆగి చూస్తుంది. శేషం 67. దాన్ని వర్గం చేస్తే శేషం 1. 561 నిజంగా ప్రధాన సంఖ్యైతే అక్కడ 1 గానీ 560 గానీ ఉండాలి. దొంగ దొరికాడు!

చూశారా, టెస్టులు పెంచలేదు, ప్రశ్న మార్చామంతే. మరి మీ నాలుగొందల టెస్టు కేసుల్లో అలాంటి ప్రశ్న వేసేవి ఎన్ని?