తప్పు ర్యామ్‌దా, స్పీడ్‌దా?

సొంతంగా పీసీ బిల్డ్ చేసుకున్నవాళ్లు మొదట చేసే అప్‌గ్రేడ్ ఎక్కువగా ర్యామే. స్లాట్ క్లిప్పులు తెరిచి, స్టిక్ పెట్టి, టక్‌మనేదాకా నొక్కితే పనైపోయింది అనుకుంటాం. అసలు కథ అప్పుడే మొదలవుతుంది.

పీసీ అస్సలు బూట్ కాకపోతే ఒకరకంగా నయం. తేడా ఉందని వెంటనే తెలిసిపోతుంది. భయపడాల్సింది 'దాదాపు బాగానే' పనిచేసే ర్యామ్‌తో. విండోస్ వస్తుంది, పాటలు మోగుతాయి, గేమ్ కూడా అరగంట నడుస్తుంది. లోపల మాత్రం ఎక్కడో ఒక 0 కాస్తా 1 అయిపోతుంది. మీరు సేవ్ కొట్టగానే ఆ తప్పు ఫైల్‌తోపాటే డిస్క్‌లోకెళ్లి కూర్చుంటుంది.

మా బాబాయ్ కొడుకు బీటెక్ ఫైనలియర్. వాడి పీసీలో రైజెన్ 5 3600 ప్రాసెసర్, రెండు 8 జీబీ డీడీఆర్4 స్టిక్కులు. ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ తెరిస్తే నత్తనడకే. అందుకని అదే కంపెనీవి, అదే 3200 స్పీడ్‌వి ఇంకో రెండు కొన్నాడు. మర్నాటి నుంచి బ్లూ స్క్రీన్లు. ఆ తర్వాత ప్రాజెక్ట్ జిప్ ఫైల్ తెరిస్తే కరప్ట్! "అన్నా, షాపతను బోర్డు పోయింది, మార్చాలంటున్నాడు. సబ్మిషన్‌కి వారమే ఉంది" అని ఫోన్ చేశాడు.

"ముందు ఆ పీసీలో ఏదీ సేవ్ చెయ్యకురా. మంచి కాపీ ఇంకెక్కడైనా ఉందా?" అన్నాను. గిట్‌హబ్‌లో ఉందన్నాడు. హమ్మయ్య, సగం గండం గడిచింది.

తర్వాత మెమ్‌టెస్ట్86 పెట్టించాను. ఇది ఫ్రీగానే దొరుకుతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసి, దాంతోనే బూట్ చేయాలి. పాత జత ఒక్కటే పెడితే ఎర్రర్లు లేవు. అవే స్లాట్లలో కొత్త జత పెట్టినా లేవు. నాలుగూ కలిపి పెట్టగానే వరసగా ఎర్రర్లు. అంటే స్టిక్కులన్నీ మంచివే. మిగిలిన అనుమానాలు రెండు: ఖాళీగా ఉన్న ఆ రెండు స్లాట్లు, లేదా స్పీడ్.

ఇక్కడో సంగతి తెలియాలి. డబ్బా మీద రాసిన స్పీడ్ ర్యామ్‌ది. దాన్ని నడిపే మెమరీ కంట్రోలర్ ఉండేది ప్రాసెసర్‌లో. ఒకే ఛానెల్ మీద ఒకటికి బదులు రెండు స్టిక్కులు వేలాడితే దాని మీద లోడ్ పెరుగుతుంది. అందుకే ఈ ప్రాసెసర్‌కి రెండు స్టిక్కులతో 3200 వరకు, సింగిల్ ర్యాంక్ స్టిక్కులు నాలుగైతే 2933 వరకే అని ఏఎండీ లెక్క. మావాడు బయోస్‌లో ఎక్స్ఎంపీ ఆన్ చేసి నాలుగింటినీ 3200లో పరిగెత్తించాడు.

స్పీడ్ 2933కి తగ్గించి రాత్రంతా టెస్ట్ నడిపాం. ఒక్క ఎర్రర్ లేదు. స్లాట్లూ బాగున్నాయి, బోర్డూ బాగుంది. ఆ కాస్త స్పీడ్ తగ్గడం రోజువారీ పనిలో తెలియనే తెలియదు. 32 జీబీ ఉన్న తేడా మాత్రం బాగా తెలుస్తుంది.

మీ పీసీ అసలు బూటే కాకపోతే? డీడీఆర్5 అయితే కంగారుపడి పవర్ తీసేయకండి. మొదటిసారి మెమరీ ట్రైనింగ్‌కి కొన్ని నిమిషాలు నల్ల స్క్రీనే ఉండొచ్చు. అప్పటికీ రాకపోతే ప్లగ్ తీసేసి, బోర్డు మీది బిళ్ల బ్యాటరీని కాసేపు తీసి పెట్టండి. బయోస్ మొదటి సెట్టింగ్స్‌కి వస్తుంది. ఒక్క స్టిక్‌నే, మాన్యువల్ చెప్పిన స్లాట్‌లో పెట్టి చూడండి. చాలా బోర్డుల్లో అది ప్రాసెసర్ వైపు నుంచి రెండోది. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులే అయినా గాడి వేరేచోట ఉంటుంది. దూరకపోతే బలవంతం వద్దు.

ఇప్పుడే కొనేవాళ్లయితే నాలుగు 8ల కన్నా రెండు 16ల కిట్ మేలు. ఏఐ డేటా సెంటర్ల డిమాండ్‌తో 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. మంచి స్టిక్‌ని పాడైందని పక్కన పడేసే రోజులు కావివి.

కొత్త ర్యామ్ వేసిన రాత్రి గేమ్ పక్కనపెట్టి, మెమ్‌టెస్ట్ ఆన్ చేసి పడుకోండి. పొద్దున ఎర్రర్లు సున్నా అని చూశాకే అసలు పని మొదలుపెట్టండి. ఒకవేళ ఎర్రర్లొస్తే, షాపులో వాపసు గడువు ఇంకా మీ చేతిలోనే ఉంటుంది.