పైపుకు కులం లేదట!

పోయిన భాగం చదివి ఒక ఇంజినీరు తమ్ముడు మెసేజ్ పెట్టిండు: "అన్నా, అన్నింట్ల కులాన్ని తెస్తరు. పైపుకు కులమేంది?"

నిజమే తమ్మీ, పైపుకు కులం లేదు. కానీ పైపు ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి, పైసలు అయిపోతే ఏ వాడ పని పక్కన పెట్టాలి అని తేల్చేది మనుషులు. మనుషులకు కులం ఉంది. కొత్త పైపులకు కోట్లు వస్తున్నాయని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాలు ఆశపడే కాలంలో ఈ మాట గట్టిగా చెప్పాలి.

2024లో అమృత్ టెండర్ల మీద రాష్ట్రమంతా లొల్లి నడిచింది. రూ. 8,888 కోట్ల పనుల్లో అక్రమాలు జరిగాయని కేటీఆర్ అన్నారు. ప్రభుత్వం కాదన్నది. విచారణ జరగాలి, తప్పుంటే తేలాలి, అందులో నాకు పేచీ లేదు. కానీ ఆ పంచాయితీ అంతా పని ఎవరికి దక్కింది అనే దాని మీదే తిరిగింది. నీళ్లు ఎవరికి దక్కుతాయి అని రెండు వైపులా ఒక్కరూ గొంతెత్తలేదు.

పైసల సంగతి చూద్దాం. అమృత్ 2.0 పథకం 2021 అక్టోబరు 1న మొదలైంది. లక్ష లోపు జనాభా ఉన్న పట్టణానికి కేంద్రం ఇచ్చేది సగం. మన మూడు పట్టణాలూ 2011 జనగణన ప్రకారం లక్ష లోపువే. మిగతా సగం రాష్ట్రం, మున్సిపాలిటీ తెచ్చుకోవాలి. కేంద్రం సొమ్ము కూడా ఒక్కసారి రాదు. 20, 40, 40 శాతం చొప్పున మూడు విడతలు. వెంట షరతులుంటాయి: ఆస్తి పన్ను సవరించాలి, నీటి నిర్వహణ ఖర్చు వాడకందార్ల నుంచి రాబట్టాలి. అంటే ఢిల్లీ నుంచి వచ్చే గ్రాంటు మన గల్లీలో నల్లా బిల్లుగా తేలుతుంది. రోజూ నీళ్లొచ్చే కాలనీ, వారానికి రెండు సార్లు బిందె నింపుకునే వాడ ఒకే రేటు కట్టాలట. దీన్ని సమానత్వం అంటారట!

ఇంకో లెక్క చెప్తాను. కృష్ణ నారాయణపేట జిల్లా తంగిడి దగ్గర తెలంగాణలోకి వస్తుంది. జూరాల దాటి, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల అంచులు తాకి, శ్రీశైలం దాటి నాగార్జునసాగర్ చేరుతుంది. అక్కడి నుంచి పైపుల్లో హైదరాబాద్ పోతుంది. గ్రేటర్ హైదరాబాద్‌లో 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20,000 లీటర్లు ఉచితం చేశారు. హైదరాబాద్ బస్తీ పేదలకు అందిన దాని మీద నాకు ఏడుపు లేదు. శ్రీశైలం ముంపులో ఊళ్లు పోగొట్టుకున్న కొల్లాపూర్ వైపు జనానికి ఆ ఉచితం ఎందుకు వర్తించదో ఎవరైనా చెప్పాలి.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వద్దాం. ట్యాంకు నుంచి మెయిన్ లైను బయలుదేరుతుంది. మొదటి కాలనీల్లో మోటర్లు పెట్టి లాగుతారు. లైను పోయే కొద్దీ వేగం చచ్చిపోతుంది. చిట్టచివర ఏముంటుంది? వాడ ఉంటుంది. ఎందుకుంటుంది? ఊరు మమ్మల్ని చివరకు నెట్టింది కాబట్టి. ఆ పాత గీత మీదనే కొత్త పైపు నడుస్తుంది. ఇంతటితో కూడా అయిపోదు. నీళ్లు వదలని గంటల్లో పైపు ఖాళీగా ఉంటుంది. మోరీ పక్కన, మోరీలోంచి పోయే పైపుకు పగులుంటే మురుగు లోపలికి చేరుతుంది. 2022లో గద్వాల పట్టణంలో కలుషిత నీళ్లు తాగి పదుల మంది ఆసుపత్రి పాలయ్యారు, ప్రాణాలు కూడా పోయాయి. ఆ ఇళ్లు కూడా కాగితం మీద 'నల్లా ఉన్న ఇళ్లే'.

మిషన్ భగీరథ పట్టణాలకు పెట్టుకున్న లెక్క మనిషికి రోజుకు 135 లీటర్లు. కొలిచి చూసిందెవరు? నా క్లాసులో హాజరు పిలిస్తే చాలు, ఏ రోజు ఏ వాడకు నీళ్లొచ్చాయో నాకు తెలిసిపోతుంది. నల్లా రోజున ఆ వాడ ఆడపిల్లలు మొదటి పీరియడ్‌కు రారు. హాజరు తక్కువైందని స్కాలర్‌షిప్ ఆగేది కూడా వాళ్లకే.

సాహిత్యం చదువుకున్నవాణ్ని కాబట్టి ఇంకో మాట. 'విద్వద్గద్వాల' అని గర్వంగా రాసుకున్నాం. వనపర్తి సంస్థానం సప్త సముద్రాల గురించి రాసుకున్నాం. చెరువు తవ్వించిన రాజు పేరు నిలిచింది. మట్టి మోసిన తట్ట పేరు ఏ పద్యంలోనూ దొరకదు. తెలంగాణ పల్లెల్లో చెరువు తూము తీసి ఊరి పొలాలకు నీళ్లు పంచిన నీరటి ఎక్కువ చోట్ల మా మనిషే. ఊరందరి మడికీ నీళ్లు పెట్టి, తన దూపకు ఊరి బావి దగ్గర ఎవరో పోస్తే దోసిలి పట్టినోడు.

మహద్ గుర్తు చేసుకోండి. చౌదార్ చెరువును అందరికీ తెరుస్తున్నామని మహద్ మున్సిపాలిటీ 1924లోనే తీర్మానం చేసింది. తీర్మానం కాగితం మీదే ఉండిపోయింది. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు ముట్టుకున్నాడు. అదే ఏడాది మున్సిపాలిటీ తన తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. కోర్టులో గెలిచేసరికి 1937 వచ్చింది. మన కారంచేడు? 1985లో మాదిగలు తాగే చెరువు నీళ్లను ఖరాబు చేయొద్దని అడిగినందుకు మొదలైన దాడిలో ఆరుగురిని చంపారు. మున్సిపల్ తీర్మానానికీ మన గొంతులోకి దిగే గుక్కకూ మధ్య ఎంత దూరముందో మాకు చరిత్ర నేర్పింది.

అందుకే అడుగుతున్నాం. ఒకటి, పని చివరి వాడ నుంచి మొదలుపెట్టండి. పైసలు అయిపోతే ఆగేది ఆఫీసర్ల కాలనీ దగ్గర ఆగనీ. రెండు, ఏ వార్డుకు ఎన్ని గంటలు నీళ్లిచ్చారో, చివరి నల్లా దగ్గర క్లోరిన్ ఎంతుందో ప్రతి వారం వార్డు గోడ మీద రాయండి. మూడు, లెక్క ప్రకారం నీళ్లు రానంతవరకు వాడల నల్లా బిల్లు ఆపండి. నాలుగు, ఎస్సీ ప్రత్యేక అభివృద్ధి నిధి జోలికి రావద్దు. 2013 సబ్‌ప్లాన్ చట్టం, దాని స్థానంలో 2017లో వచ్చిన చట్టం కొట్లాడి తెచ్చుకున్నవి. ఊరంతటికీ వేసే పైపులో 'మీరూ తాగుతారు కదా' అని మా వాటా రాసుకోవడం మా పైసలతో మాకే అప్పు పెట్టడం.

విద్యార్థి మిత్రులారా, పోస్టు షేర్ చేసి ఊరుకోకండి. ఇరవై లీటర్ల బకెట్, చేతిలో ఫోను చాలు. ట్యాంకు పక్క కాలనీలో ఒక నల్లా, మీ వాడ చివర ఒక నల్లా, బకెట్ నిండటానికి ఎన్ని నిమిషాలో నెల రోజులు రాయండి. ఆ కాగితం పట్టుకుని ప్రజావాణికి పోదాం, ఆర్టీఐ వేద్దాం. టెండరు ఎవరికి పోయిందో వాళ్లు కొట్లాడుకోనీ. బకెట్ ఎందుకు నిండలేదో మనం అడుగుదాం.

జై భీమ్.