కవికి రెండు ఆవులు

మొన్న వార్షికోత్సవానికి ముఖ్య అతిథి మీద పద్యం రాయమన్నారు. రాశాను. స్టేజీ మీద చదివాను. శాలువా, మెమెంటో, రెండు రోజుల అటెండెన్స్ వచ్చాయి. ఆ పద్యం మన ఈ-మ్యాగజైన్ మొదటి పేజీలో కూడా పడింది. అదే సంచికకి మా రూమ్మేటు మెస్ సాంబారు మీద ఒక కవిత పంపాడు. "ఇది బాగోదేమో" అన్న ఒక్క మాటతో అది ఆగిపోయింది. ఆగిపోయిందంటే మన పేజీల్లోకి రాలేదు, అంతే. దాని స్క్రీన్‌షాట్ మూడు హాస్టళ్లు తిరిగింది. నా పద్యం చదివినవాళ్లని మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒకరు మా అమ్మ.

ఆ తర్వాత పత్రికల చరిత్ర మీద ఒక అసైన్‌మెంట్ కోసం సిడ్నీ గురించి చదువుతుంటే, సరిగ్గా నాలాంటివాడే ఒకడు తగిలాడు. పేరు మైఖేల్ మాసీ రాబిన్సన్.

సిడ్నీ అంటే ఇప్పటి సిడ్నీ కాదు. 1788లో బ్రిటన్ తన ఖైదీలను ఓడల్లో తెచ్చి దింపిన చోటు. ఆ మొదటి ఓడల్లోనే ఒక చెక్క ముద్రణాయంత్రం కూడా వచ్చింది. కానీ దాన్ని నడపడం తెలిసినవాడు లేక ఏళ్ల తరబడి ఊరికే పడి ఉంది. (మన ల్యాబులో త్రీడీ ప్రింటర్ గుర్తొచ్చిందా? నాకూ అదే.) చివరికి దాన్ని నడిపినవాళ్లలో ముఖ్యుడు జార్జి హోవ్. దొంగతనం కేసులో శిక్షపడి వచ్చిన ఖైదీయే, కానీ పనితెలిసిన ప్రింటరు. 1803 మార్చి 5న సిడ్నీ గెజెట్ మొదలైంది. కాగితానికి కరువు, సిరాకి కరువు. వీటన్నిటికంటే పెద్ద విషయం, అచ్చుకి వెళ్లే ప్రతి ముక్కా ముందు గవర్నర్ ఆఫీసు చూడాలి. మన భాషలో చెప్పాలంటే ఊరు మొత్తానికి ఒకటే సర్వర్, అడ్మిన్ పాస్‌వర్డ్ గవర్నర్ దగ్గర.

అలాంటి చోట ఏ కవిత్వం అచ్చవుతుంది? రాజుగారి పుట్టినరోజు కవిత్వం అవుతుంది. 1810 నుంచి 1820 దాకా రాబిన్సన్ ఏటా రాజు పుట్టినరోజుకి ఒకటి, రాణి పుట్టినరోజుకి ఒకటి స్తుతిగీతాలు రాసి గవర్నర్ మక్వారీ బంగళాలో చదివేవాడు. అవి గెజెట్‌లో వచ్చేవి. 1818, 1819ల్లో ఆస్థానకవి సేవలకి గాను ప్రభుత్వ మందలోంచి రెండు ఆవులు ఇచ్చారు. శ్రీనాథుడికి కనకాభిషేకం, ఇతనికి పాడి!

అసలు ట్విస్టు ఇంకోటుంది. రాబిన్సన్ ఖైదీగా ఎందుకొచ్చాడంటే, లండన్‌లో ఒక వ్యాపారి మీద హత్యారోపణ చేస్తూ పద్యం రాసి, అచ్చువేస్తానని బెదిరించి డబ్బు గుంజబోయాడు. పద్యం రాసినందుకే మరణశిక్ష దాకా వెళ్లి, అది తగ్గి, సముద్రాలు దాటినవాడు మళ్లీ పద్యంతోనే బతికాడు. అతన్ని చూసి నవ్వడం తేలిక. నేనూ నవ్వాను. తర్వాత షెల్ఫ్ మీద మెమెంటో కనిపించింది.

ఇక అక్కడి మొదటి కవితల పుస్తకం సంగతి. 1819లో బారన్ ఫీల్డ్ అనే జడ్జిగారు రెండు కవితలతో ఒక చిన్న పుస్తకం వేశారు. అమ్మకానికి కాదు, తెలిసినవాళ్లకి పంచడానికి. ఒకటి అక్కడి పూల మీద, ఇంకోటి కంగారూ మీద. పేరేమో 'ఆస్ట్రేలియా కవిత్వపు తొలిఫలాలు' అన్న అర్థం వచ్చేది. నాకు ఈ పేరు దగ్గర ఒళ్లు మండింది. ఆ తీరంలో ఈయోరా ప్రజలు ఓడలు రాకముందు వేల ఏళ్లుగా ఉన్నారు, వాళ్ల పాటలు వాళ్లకున్నాయి. జడ్జిగారివి అచ్చు తొలిఫలాలు అనుంటే ఒప్పుకునేవాణ్ణి.

సరే, గవర్నర్ ఒప్పుకోని కవిత్వం ఏమైంది? దానికీ ఒక దారి దొరికింది. చేత్తో రాసి, కాగితాన్ని గొట్టంలా చుట్టి, జనం తిరిగేచోట పడేసేవాళ్లు. పేరుండదు. వాటిని 'పైపులు' అనేవాళ్లు. గవర్నర్ల మీద, అధికారుల మీద వెటకారం అంతా అందులోనే. మన స్క్రీన్‌షాట్లే అవి, చార్జింగ్ అక్కర్లేనివి.

కానీ పైపుల్ని నెత్తిన పెట్టుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. 1816లో లెఫ్టినెంట్ గవర్నర్ మోల్ మీద ఒకటి బయటపడింది. రాసింది వెంట్‌వర్త్ అనే కుర్రాడని తేలేసరికి అతను ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. అందులో ఉన్నది ఎక్కువగా తిట్లే. పేరు లేనప్పుడు నోరు ఎంత దూరమైనా పోతుంది, మన కన్ఫెషన్స్ పేజీలు చూస్తే తెలియదా. అదే వెంట్‌వర్త్ తిరిగొచ్చాక 1824 అక్టోబరు 14న వార్డెల్‌తో కలిసి 'ది ఆస్ట్రేలియన్' పత్రిక పెట్టాడు. గవర్నర్ బ్రిస్బేన్ అనుమతి అడగనే లేదు. ఆయన ఆపలేదు సరికదా, గెజెట్ మీద ముందస్తు తనిఖీని కూడా ఎత్తేశాడు. కాగితాన్ని గొట్టంలా చుట్టి పారేసినవాడే ఎనిమిదేళ్లకి పేరు పెట్టుకుని నిలబడ్డాడు. నాకు నచ్చింది ఈ రెండో వెంట్‌వర్త్.

రెండేళ్ల తర్వాత, 1826లో, చార్లెస్ టామ్సన్ కవితల పుస్తకం సిడ్నీలోనే వచ్చింది. అక్కడే పుట్టినవాడు, ఖైదీ కొడుకు, అప్పటికి ఇరవై నిండలేదు. అచ్చువేసింది జార్జి హోవ్ కొడుకు రాబర్ట్.

ఎడిటర్లని నేను అడిగేది చిన్న విషయమే. మన దగ్గర కాగితం కొరత లేదు, సిరా కొరత లేదు, గవర్నరూ లేడు. "బాగోదేమో" అన్న మాట ఎవరూ పైనుంచి చెప్పింది కాదు, మనలో మనమే అనుకుంది. ముఖ్య అతిథి మీద పద్యానికి మొదటి పేజీ ఇచ్చే మనం, సాంబారుకి చివరి పేజీ అయినా ఇవ్వలేమా? ఎవర్నీ తిట్టలేదు వాడు. పప్పు ఎక్కడా అని అడిగాడంతే.

ఆ కవిత మళ్లీ పంపిస్తున్నాం. ఈసారి కింద వాడి పేరు, రూమ్ నంబరు కూడా ఉంటాయి. తెలుగు టైపింగ్ నేనే చేశాను, ఇంగ్లీష్ మీడియం చేతులు కాబట్టి ఒత్తులు కాస్త సరిచూసుకోండి.