గడువు తప్పినా పని వరస తప్పొద్దు!

గడువు దాటిన ప్రాజెక్టును నడిపిస్తున్న ప్రతి మేనేజరుకూ ఇది హెచ్చరిక. గడువు తప్పితే డబ్బు పోతుంది, మాట పడాల్సి వస్తుంది. ఆ కంగారులో పని వరస కూడా తప్పితే కట్టిందే పోతుంది. ఒక్కోసారి ప్రాణాలూ పోతాయి.

వరస తప్పితే ఏమవుతుందో పోలవరం ప్రాజెక్టులో చూశాం. ప్రధాన డ్యాం అడుగు నుంచి నీరు ఊరిపోకుండా ఆపాల్సిన డయాఫ్రం వాల్ 2018లో పూర్తయింది. వరదను అడ్డుకోవాల్సిన కాఫర్ డ్యాములు మాత్రం అప్పటికి పూర్తికాలేదు. వాటిలో వదిలిన ఖాళీల గుండా 2019, 2020 వరదలు దూసుకొచ్చి నదీగర్భాన్ని లోతుగా కోసేశాయి, గోడను దెబ్బతీశాయి. 2025 జనవరిలో కొత్త గోడ పని మొదలుపెట్టాల్సి వచ్చింది. తప్పెవరిదన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. పోయిన ఏళ్లు మాత్రం ఎవరు గెలిచినా తిరిగిరావు.

చిన్న సైట్లలోనూ ఇదే ముప్పు. ఫ్లాట్లు అప్పగించాల్సిన తేదీ దాటింది. కొన్నవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. పై అంతస్తుకు సెంట్రింగ్ సామాను చాలలేదు. “కింది స్లాబును మోస్తున్న జాకీలు తీసేద్దామా సార్?” అని మేస్త్రీ అడుగుతాడు. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుతో పోసిన స్లాబు స్పాన్ 4.5 మీటర్ల లోపుంటే కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు జాకీలు ఉండాలని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. ఆ రోజులు తగ్గించి “సరే, తీసెయ్” అనకండి.

మనుషుల్ని గుమ్మరించడమూ మందు కాదు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులోకి కొత్తవాళ్లను దింపితే అది ఇంకా ఆలస్యమవుతుందని, ఐబీఎంలో ఓఎస్/360 ఆపరేటింగ్ సిస్టం పనిని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశారు. పని తెలిసినవాళ్లు దాన్ని పక్కన పెట్టి, కొత్తవాళ్లకు నేర్పుతూ కూర్చోవాల్సి వస్తుంది మరి.

కాబట్టి ఈరోజే ఈ పనులు చేయండి. “తొంభై శాతం అయిపోయింది” అనే రిపోర్టులు ఆపి, మిగిలిన పనులు ఒక్కొక్కటిగా రాయించండి. పనిచేసేవాళ్లను అడిగి కొత్త తేదీ లెక్కకట్టండి. ఏది ముందు కావాలో, ఏది తర్వాత ఇవ్వొచ్చో క్లయింటుతో కూర్చుని తేల్చుకోండి. హంగులు వాయిదా వేయండి. క్యూరింగ్, టెస్టింగ్, భద్రతా తనిఖీల జోలికి మాత్రం వెళ్లకండి. ప్రమాదం కనిపిస్తే పని ఆపే హక్కు సైటు ఇంజినీరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఆపినందుకు అతణ్ని తిట్టకండి.

యజమానులకూ, మంత్రులకూ ఒక మాట. “ఎప్పటికి పూర్తిచేస్తారు?” అని అడిగి ఊరుకోకండి. “ఆ తేదీకి ఇవ్వాలంటే ఏం వదిలేస్తారు?” అని కూడా అడగండి. దానికి సూటిగా జవాబు వచ్చేదాకా కొత్త తేదీ ప్రకటించకండి.