చివరి కుళాయిలో ఎంత?

మన ఊళ్ళలో ఓవర్‌హెడ్ ట్యాంకు మీద కడిగిన తేదీ రంగుతో రాస్తారు. కడగడం మంచిదే, రాయడమూ మంచిదే. కానీ మనం తాగేది ట్యాంకులో నీళ్ళు కాదు, కుళాయిలో నీళ్ళు. ట్యాంకు నుంచి ఎస్సీ కాలనీ చివరింటికి వచ్చేలోపు ఆ నీళ్ళకు ఏమైనా కావచ్చు.

చాలా ఊళ్ళలో నీళ్ళు పూటకు ఓ గంట వదులుతారు. వదిలినంతసేపూ పైపు పగిలిన చోట నీళ్ళు బయటికి చిమ్ముతాయి. ఆపగానే ఒత్తిడి పడిపోయి, అదే పగులులోంచి బయటి మురుగు లోపలికి దిగుతుంది. పైపు మురుగుకాలవలోంచే పోతుంటే ఇక చెప్పేదేముంది? పైగా ఎగువ ఇళ్ళవాళ్ళు మోటార్లు బిగించి లాగేస్తారు. దిగువవాళ్ళు ధార అందక గుంత తవ్వి, కుళాయిని అందులోకి దించుకుంటారు. వాన పడితే ఆ గుంత నిండి కుళాయి మూతి బురదలో మునుగుతుంది. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి మనుషులు చనిపోయారు. అంత జరిగాక కూడా వానాకాలం ముందు పైపులన్నీ నడిచి చూసే పంచాయతీలు ఎన్నున్నాయి?

దారిలో కలిసే క్రిమిని చంపాలంటే నీటిలో ఇంకా కొంత క్లోరిన్ మిగిలి ఉండాలి. తాగునీటికి మన దేశంలో ఉన్న ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు. లెక్క పెద్దదేం కాదు. 60 వేల లీటర్ల ట్యాంకులో లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున క్లోరిన్ కలపాలంటే సుమారు 360 గ్రాముల బ్లీచింగ్ పౌడరు చాలు. అయితే అది తాజాది కావాలి. కొత్త పౌడరులో మూడో వంతు దాకా క్లోరిన్ ఉంటుంది. మూతి విప్పిన సంచిలో చెమ్మ పీల్చి గడ్డకట్టిన పౌడరులో ఎంత మిగిలిందో కంటితో చూసి చెప్పలేం. దాన్నే 360 గ్రాములు తూచి వేసినా, రిజిస్టరులో క్లోరినేషన్ జరిగినట్టు ఉంటుంది, నీళ్ళలో ఉండదు. వేసే పద్ధతీ ముఖ్యమే. బకెట్లో ముద్దగా కలిపి, నీళ్ళు పోసి, సున్నం అడుక్కి దిగాక పైన తేరిన నీటిని ట్యాంకులో పోయాలి. అరగంట ఆగి వాల్వు తిప్పాలి.

కొందరు ఈ గొడవంతా ఎందుకని ఫిల్టర్ నీళ్ళ టిన్నులు తెచ్చుకుంటారు. ఫ్లోరైడ్ ఊళ్ళలో దానికి కారణం ఉంది, కాదనను. కానీ ఆర్వో నుంచి వచ్చిన నీటిలో క్లోరిన్ ఉండదు. కడగని టిన్నులో పడితే క్రిమికి అడ్డే లేదు.

పరీక్ష కష్టమా? కాదు. క్లోరోస్కోప్ గొట్టంలో కుళాయి నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది. పక్కనున్న రంగులతో పోల్చితే ఎంతో తెలుస్తుంది. రంగే రాలేదా, క్లోరిన్ లేనట్టే. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు కిట్లతో నీటి పరీక్ష నేర్పాలన్నారు. నేర్పిన చోట కూడా ఆ ఫలితం ఆన్‌లైన్‌లోకి ఎక్కితే సరిపోదు, ఆ నీళ్ళు తాగేవాళ్ళ కంట పడాలి. చివరి కుళాయి దగ్గర వచ్చిన అంకె ప్రతిరోజూ తేదీతో సహా పంచాయతీ బోర్డు మీద ఉండాలి.

ఇంకో మాట. ఇంత పనీ మనం ఊళ్ళో అందరికంటే తక్కువ జీతగాడైన వాటర్‌మన్ మీద వేశాం. ఆ జీతమూ చాలా చోట్ల నెలలు దాటి వస్తుంది. వాసన వస్తోందని నలుగురు అరిస్తే అతను మర్నాడు పౌడరు తగ్గించేస్తాడు. వాసన రావడం లేదేమని అడిగినవాళ్ళు లేరు. బోర్డు మీద సున్నా పడిన రోజు జవాబు చెప్పాల్సింది సర్పంచి, పంచాయతీ కార్యదర్శి, గ్రామీణ నీటి సరఫరా విభాగం (ఆర్‌డబ్ల్యూఎస్) ఏఈ. వాటర్‌మన్‌కు ఒకటో తారీఖున జీతం, చేతికి తాజా పౌడరు ఇచ్చాకే అతణ్ణి నిలదీయండి.