వైద్యం చదువులో మా వాటా మాకు చెప్పండి!

వరంగల్, హనుమకొండ, కాజీపేట ప్రజలారా! ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే రైతన్నలారా!

ప్రజాకవి కాళోజీ నారాయణరావు 2002 నవంబర్ 13న కన్నుమూశారు. ఆయన దేహం కాకతీయ మెడికల్ కాలేజీకి చేరింది. బతికినన్నాళ్లూ జనం భాష కోసం కొట్లాడిన మనిషి, పోతూ పోతూ పిల్లల చదువుకు ఒళ్లు ఇచ్చిపోయారు. రాష్ట్రంలో డాక్టరు చదువులకు పరీక్షలు పెట్టే ఆరోగ్య విశ్వవిద్యాలయం ఇవాళ మన ఊళ్లోనే, ఆయన పేరుతోనే ఉంది. 1959లో మొదలైన కాకతీయ కాలేజీ పిల్లలు నాడి పట్టడం నేర్చింది ఎంజీఎం ఆస్పత్రి పడకల మీది మన తల్లుల దగ్గర, మన బిడ్డల దగ్గర. ఆ చదువులో మనకూ వాటా ఉంది. అదే అడుగుతున్నాం.

కొత్త జబ్బుల గురించి, కొత్త పరిశోధనల గురించి డాక్టర్లు మాట్లాడుకోరా? మాట్లాడుకుంటారు. ఏసీ హాళ్లలో, ఇంగ్లిష్‌లో, వాళ్లలో వాళ్లు. మన దాకా వచ్చేది వాట్సాప్ కబురు, లేదంటే మందుల షాపులో చెప్పే మాట.

పాముకాటు సంగతే చూడండి. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో దాదాపు 12 లక్షల మంది పాముకాటుతో పోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఎక్కువ మంది పల్లెవాళ్లు. ఎక్కువ చావులు వానకాలంలో, అంటే మన నాట్లు, పత్తి కలుపుల రోజుల్లో. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం. కడుపునొప్పే కదా అని వాము నీళ్లు తాగించి ఇంట్లో పడుకోబెడితే మనిషి దక్కడు. కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడు బిగించి కట్టొద్దు, మంత్రం కోసం ఆగొద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదలనీయకుండా 108 పిలిచి పెద్ద దవాఖానకు తీసుకుపోవాలి. ఇంత చెప్పడానికి డాక్టరుకు పది నిమిషాలు చాలు. చెప్పేవాళ్లు లేకనే ఇంకా ఊళ్లలో తాళ్లు బిగిస్తున్నారు.

గడ్డిమందు ఇంకో గోస. పారాక్వాట్ అనే గడ్డిమందు కడుపులోకి పోతే విరుగుడు లేదు. దాన్ని నిషేధించాలని తెలంగాణ డాక్టర్లే గొంతెత్తారు. ఆ గొంతు డబ్బా కొనే రైతు చెవిన పడాలి కదా!

దేశంలో 10 కోట్ల మందికి షుగరుందని, ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో చెప్పింది. అంచున ఉన్నవాళ్లు తిండి మార్చుకుని, నడక పెంచుకుంటే చాలామంది గండం దాటవచ్చు. కీళ్లనొప్పులకు ఏళ్ల తరబడి నొప్పి బిళ్లలు మింగితే కిడ్నీలు దెబ్బతినవచ్చు. జలుబుకు యాంటీబయాటిక్ పనిచేయదు. ఇవన్నీ మనం ఎవరిని అడగాలి?

అందుకే డాక్టర్లను నెలకు ఒక్క సాయంత్రం ఇవ్వమంటున్నాం. నిజాం పాలనలో, 1904లోనే తెలుగు చదువు కోసం రాజరాజ నరేంద్ర భాషా నిలయం పెట్టుకున్న ఊరు హనుమకొండ. అట్లాంటి గ్రంథాలయంలో, మార్కెట్ యార్డులో, బస్తీ కమ్యూనిటీ హాల్లో డాక్టర్లు, పరిశోధకులు తెలుగులో మాట్లాడాలి. సగం సమయం మన ప్రశ్నలకే. మందుల కంపెనీ బ్యానరు, ప్రైవేటు ఆస్పత్రి ఫ్లెక్సీ అక్కడ కనబడొద్దు. ఆడవాళ్ల బాధలకు లేడీ డాక్టరుతో వేరే కూర్చోబెట్టాలి. మొదటి సభ సెప్టెంబర్ 9న, కాళోజీ పుట్టినరోజున, తెలంగాణ భాషా దినోత్సవం నాడు జరగాలి.

డాక్టరు సార్లూ, డాక్టరమ్మలూ! మీకు తీరిక లేదని తెలుసు. ఎంజీఎం ఓపీ లైన్లలో నిలబడేది మేమే. అయినా రండి. తేలిన విషయం తేలిందని, తేలనిది ఇంకా తేలలేదని చెప్పండి. ఆ మాట చెప్పిన డాక్టరునే మేం నమ్ముతాం.

అక్కలారా, అన్నలారా! విశ్వవిద్యాలయానికి, మెడికల్ కాలేజీకి ఇచ్చే వినతిపత్రం ఈ కరపత్రం పంచేవాళ్ల దగ్గరే ఉంది. సంతకం పెట్టండి. రాయరానివాళ్లు వేలిముద్ర వేయండి. మీ ఇంట్లో జబ్బు గురించి ఒక ప్రశ్న చీటీ మీద రాసివ్వండి, పేరు అక్కర్లేదు. మీ వార్డు కార్పొరేటర్‌ను హాలు అడగండి. సభ రోజు మీ ఆశా కార్యకర్తను, మీ ఊరి ఆర్‌ఎంపీని కూడా వెంటబెట్టుకుని రండి.

ఇట్లు,
వరంగల్ పౌరులు