సహోదరుని వెక్కిరించే నాలుక

మా సంఘంలో ఒక తల్లికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు డల్లాస్‌లో, చిన్నవాడు టొరంటోలో స్థిరపడ్డారు. ఆదివారం ముగ్గురూ ఫోనులో కలిసి ప్రార్థన చేసుకోవడం ఆ ఇంటి అలవాటు. 2025 ఫిబ్రవరిలో ఒక ఆదివారం ప్రార్థన జరగలేదు, పోట్లాట జరిగింది. ‘మీది దేశమేమిట్రా, మా 51వ రాష్ట్రం’ అన్నాడు పెద్దవాడు నవ్వుతూ. ‘తుపాకులు, తలపొగరు తప్ప మీకేమున్నాయి?’ అన్నాడు చిన్నవాడు. అతను నవ్వలేదు. మరుసటి ఆదివారం ఫోను కూడా ఎత్తలేదు. ‘అయ్యగారూ, ఆ దేశాల గొడవ నా బిడ్డల మధ్యకెందుకొచ్చిందండీ?’ అని ఆ తల్లి కన్నీళ్లు పెట్టుకుంది.

నిజానికి ఆ రెండు దేశాలూ తోబుట్టువుల వంటివే. 8,891 కిలోమీటర్ల పొడవున ప్రపంచంలోకెల్లా పెద్ద సరిహద్దు వారిది. వారి మధ్య చివరి యుద్ధాన్ని ముగించిన 1814 నాటి సంధికి గుర్తుగా 1921లో ఆ సరిహద్దు మీద ఒక శాంతి తోరణం కట్టారు. ఒకవైపు తామిద్దరూ ఒక తల్లి పిల్లలమని, మరోవైపు 133వ కీర్తనను తలపించేలా సహోదరులు ఐక్యంగా నివసించడం గురించి దానిమీద రాశారు.

అయితే తోబుట్టువుల మధ్యే వెక్కిరింతలెక్కువ. కెనడా వాళ్లు మంచు ఇళ్లలో ఉంటారని, అయినదానికీ కానిదానికీ ‘సారీ’ చెబుతారని, మాట చివర ‘ఏ’ అని సాగదీస్తారని అమెరికన్లు నవ్వుతారు. అమెరికన్లకు కేకలెక్కువని, పక్క దేశం రాజధాని కూడా తెలియదని కెనడా వాళ్లు నవ్వుతారు. 2001 ఏప్రిల్‌లో కెనడా టీవీలో రిక్ మెర్సర్ ఇదే నవ్వును కార్యక్రమంగా చేశాడు. లేని ‘జాతీయ ఇగ్లూ’ గురించి అమెరికన్లచేత కెనడాకు అభినందనలు చెప్పించాడు. దేశమంతా పడీపడీ నవ్వుకుంది.

నవ్వు నాలుగు విధాల చేటని మన పెద్దలన్నారు. న్యాయాధిపతుల గ్రంథం 12వ అధ్యాయం దీనికి సాక్ష్యం. ఎఫ్రాయిము, మనష్షే ఇద్దరూ యోసేపు కుమారులే. కానీ ఎఫ్రాయిమీయులు గిలాదువారిని పారిపోయి వచ్చినవారని హేళన చేశారు. ఆ మాట యుద్ధమైంది. యొర్దాను రేవుల దగ్గర ‘షిబ్బోలెతు’ అనమన్నారు. ‘సిబ్బోలెతు’ అన్నవాణ్ని చంపేశారు. ఒక్క అక్షరం నోరు తిరగనందుకు అన్నదమ్ముల పిల్లలు 42 వేలమంది కూలిపోయారు. యాసను చూసి నవ్వడంలో ఏముందిలే అనుకునేవారు ఈ అధ్యాయాన్ని మళ్లీ చదవాలి.

2024 డిసెంబరులో డోనాల్డ్ ట్రంప్ నాటి కెనడా ప్రధాని జస్టిన్ ట్రూడోను ‘గవర్నర్’ అని, ఆ దేశాన్ని 51వ రాష్ట్రమని అనడం మొదలుపెట్టారు. సుంకాల బెదిరింపు తోడవడంతో అది పరిహాసంగా మిగల్లేదు. 2025 ఫిబ్రవరిలో మాంట్రియల్‌లో జరిగిన హాకీ పోటీలో ప్రేక్షకులు అమెరికా జాతీయ గీతాన్ని గేలి చేశారు. ఆట మొదలైన 9 సెకన్లలోనే ఆటగాళ్లు మూడుసార్లు కలబడ్డారు.

బలవంతుడు బలహీనుణ్ని చిన్నచేయడం ఎఫ్రాయిము గర్వం. అది దేవునికి అసహ్యం. అయితే బలహీనుడి హేళన పరిశుద్ధమైపోదు. అమెరికన్లనుకుంటారేమోనని విదేశాల్లో తమ సంచులకు మేపుల్ ఆకు గుర్తు కుట్టుకునే అలవాటు కొందరు కెనడియన్లకు ఉంది. ఇది వింటే నాకు ‘నేను ఇతరులవంటివాణ్ని కాను’ అని ప్రార్థించిన పరిసయ్యుడే గుర్తొస్తాడు (లూకా 18:11). అన్యాయపు సుంకాన్ని ఎదిరించడం, దేశ గౌరవాన్ని కాపాడుకోవడం పాపం కాదు. ఒక జాతినంతటినీ ఒక్క తిట్టులో మూటగట్టడమే పాపం. సహోదరుణ్ని ‘వ్యర్థుడా’ అన్నా తీర్పు తప్పదని ప్రభువు హెచ్చరించాడు (మత్తయి 5:22).

ఆ తిట్టు ఎంత అబద్ధమో వారి చరిత్రే చెబుతుంది. 1917 డిసెంబరు 6న కెనడాలోని హాలిఫాక్స్ రేవులో మందుగుండు ఓడ పేలి దాదాపు 2 వేలమంది చనిపోయారు. ఆ రాత్రే అమెరికాలోని బోస్టన్ నుంచి వైద్యులు, నర్సులతో రైలు బయలుదేరి మంచు తుపానులో హాలిఫాక్స్ చేరింది. ఆ మేలు మరువక నోవా స్కోషియా ప్రజలు 1971 నుంచి ఏటా బోస్టన్‌కు ఒక క్రిస్మస్ చెట్టు పంపుతున్నారు. మెర్సర్ కార్యక్రమం చూసి నవ్విన కెనడా అయిదు నెలలకే, 2001 సెప్టెంబరు 11న, అమెరికాకు దిగలేకపోయిన విమానాలకు తన నేలనిచ్చింది. దాదాపు 10 వేలమంది ఉండే గాండర్ అనే చిన్న ఊరిలో 38 విమానాలు దిగాయి. సుమారు 6,600 మంది ప్రయాణికులకు ఆ ఊరివారు బడులు, చర్చిలు, ఇళ్లు తెరిచి అన్నం పెట్టారు. అప్పుడెవరూ ఎవరినీ షిబ్బోలెతు అడగలేదు.

ఆ తల్లికి నేను మత్తయి సువార్తలో తరువాతి వచనాలు చదివి వినిపించాను. సహోదరునికి నీమీద విరోధముంటే అర్పణను బలిపీఠం దగ్గరే విడిచి, ముందు వెళ్లి సమాధానపడమని ప్రభువు ఆజ్ఞ. ఆమె ఆ మాటే పెద్దకొడుక్కి చెప్పింది. అతను ఫోను చేసి ‘తప్పు నాదేరా తమ్ముడూ’ అన్నాడు. ‘సారీ అన్నయ్యా’ అన్నాడు చిన్నవాడు. ఈసారి ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. సుంకాల సంగతి తేల్చడం ఆ ఇద్దరి చేతిలో లేదు. కానీ ఆదివారం ప్రార్థన మళ్లీ మొదలైంది. ప్రియ చదువరీ, నీ నాలుక ఎవరి దారికి రేవు కాపలా కాస్తోంది?